పెద్దయితే తగ్గుతుందా? ఎగ్జిమాతో 44 ఏళ్లుగా ఉన్న నా సమాధానం

అమ్మా, మీ ప్రశ్న రాత్రి చదివాను. బాబుకి 6 ఏళ్లు, మూడో నెల నుంచి ఎగ్జిమా, రాత్రిళ్లు నిద్ర లేదు, "పెద్దయితే అదే పోతుంది" అని చుట్టాలందరూ అంటున్నారు, అది నిజమేనా, పోకపోతే వాడి జీవితం ఎలా ఉంటుంది అని అడిగారు. మీ అత్తగారు సున్నిపిండి పెట్టి రుద్దమంటున్నారని కూడా రాశారు. నేను డాక్టర్‌ని కాదు, బ్యాంకు ఉద్యోగిని. నెలల పిల్లగా ఉన్నప్పుడు బుగ్గల మీద మొదలైన ఈ దురద పెట్టే చర్మ జబ్బు నాకు 44 ఏళ్లొచ్చినా నాతోనే ఉంది. అందుకే కొంచెం పొడుగ్గా రాస్తున్నాను.

చాలామంది పిల్లలకి తగ్గుతుంది. బ్రిటన్‌లో 1958 మార్చిలో ఒకే వారంలో పుట్టిన పిల్లల్ని పెద్దయ్యేదాకా గమనిస్తూ వచ్చారు. వాళ్లలో 7 ఏళ్లలోపు ఎగ్జిమా వచ్చిన 571 మందిని చూస్తే, 11 ఏళ్లకి నూటికి 65 మందికి, 16 ఏళ్లకి 74 మందికి తగ్గింది. అయితే తగ్గిందనుకున్నవాళ్లలో కొందరికి తర్వాత తిరగబెట్టింది. వాళ్లని తీసేసి లెక్కేస్తే ఆ అంకెలు 53, 65కి దిగాయి. చాలా చిన్నప్పుడే మొదలైనవాళ్లకి, తీవ్రంగా ఉన్నవాళ్లకి, ఆస్తమా కూడా తోడైనవాళ్లకి ఉండిపోయే అవకాశం ఎక్కువ. నేను ఆ ఉండిపోయినవాళ్లలో ఒకదాన్ని.

కాబట్టి చుట్టాల మాట అబద్ధమేమీ కాదు. కానీ ఆ మాట నమ్ముకుని మా ఇంట్లో ఊరికే ఎదురుచూశారు. నాకు జబ్బు చేసిన నష్టం కన్నా ఆ ఎదురుచూపు చేసిన నష్టమే ఎక్కువని ఇప్పుడు నాకు గట్టిగా అనిపిస్తుంది. 15 ఏళ్లకి తగ్గిపోయేదే అయినా, ఆ 15 ఏళ్లూ పిల్లాడు నిద్రపోవాలి, బడికి వెళ్లాలి, ఆడుకోవాలి.

మాది పల్నాడులో మిరప పండించే ఊరు. మా ఊళ్లో దీన్ని కొందరు తామర అన్నారు, కొందరు గజ్జి అన్నారు. పేరు ఏదైతే ఏం అనుకోకండి, పేరును బట్టే మందు మారిపోతుంది. తామర ఫంగస్ వల్ల వస్తుంది. గజ్జి చర్మంలో దూరే కంటికి కనపడనంత చిన్న పురుగు వల్ల వస్తుంది. ఆ రెండూ ఒకరి నుంచి ఒకరికి అంటుకుంటాయి. ఎగ్జిమా అంటుకోదు. నాకు గజ్జి అనుకుని చిన్నప్పుడు గంధకం కలిపిన నూనె పూశారు, తామర అనుకుని మంటపుట్టించే పసరు పూశారు. అసలు లోపం చర్మం పైపొరలో ఉంది. 2006లో స్కాట్లాండ్‌లోని డండీ విశ్వవిద్యాలయ శాస్త్రవేత్తలు, ఫిలాగ్రిన్ అనే ప్రొటీన్‌ని తయారుచేసే జన్యువులో లోపం ఉంటే ఎగ్జిమా వచ్చే అవకాశం బాగా పెరుగుతుందని కనిపెట్టారు. రోగులందరికీ ఆ లోపమే ఉండదు. కానీ అందరిలోనూ జరిగేది దాదాపు ఒకటే, పూత ఊడిపోయిన మట్టిగోడలా చర్మంలోంచి తేమ బయటికి పోతుంది, బయటి దుమ్మూ సూక్ష్మక్రిములూ లోపలికి పోతాయి. దాంతో ఒంట్లోని రోగనిరోధక వ్యవస్థ రెచ్చిపోయి దురద పుట్టిస్తుంది. గోకితే ఆ పూత ఇంకా ఊడుతుంది.

ఇక రాత్రుల సంగతి. మీరు ఒక్క ముక్కలో రాశారు, నేను ఎక్కువ రాస్తాను, ఎందుకంటే నా బాల్యమంతా అక్కడే ఉంది. పగలు ఆటల్లో పడి మరిచిపోయే దురద పడుకోగానే మొదలయ్యేది. మోకాళ్ల వెనక, మోచేతి మడతల్లో, మెడ చుట్టూ. మా అమ్మ నా చేతులకి పాత మేజోళ్లు తొడిగి దారం కట్టేది. నేను నులక మంచానికి కాళ్లు రుద్దుకునేదాన్ని. నిద్రలో కూడా చేతులు గోకుతూనే ఉంటాయి, అది మన చేతుల్లో ఉండదు. తెల్లారేసరికి దుప్పటికి రక్తం మరకలు, రసి కారి ఒంటికి అంటుకుపోయిన గౌను. దాన్ని నీళ్లు చల్లి మెల్లగా ఊడదీసేవాళ్లు. ఆ తర్వాత బడి. మూడో తరగతిలో లెక్కల పీరియడ్‌లో నిద్రపోయినందుకు గోడకుర్చీ వేయించారు. మొద్దు పిల్ల అని పేరొచ్చింది. నేను మొద్దును కాదు, ఏళ్ల తరబడి సరిగా నిద్రలేని పిల్లని, అంతే. మీ బాబు బడిలో చిరాకు పడుతున్నాడని, మాట వినడం లేదని టీచర్ చెప్తే, ముందు వాడు రాత్రి ఎన్ని గంటలు పడుకున్నాడో లెక్కేయండి.

నేను పడుకోని రాత్రుల్లో అమ్మ కూడా పడుకోలేదు. పొద్దున్నే లేచి పొలం పనికి పోయేది. మా తమ్ముడు "అక్క ఒక్కతే నీకు కావాలి" అని ఏడ్చిన రోజులు నాకు గుర్తున్నాయి. ఈ జబ్బు ఒక పిల్లకి వచ్చినా ఇంటిల్లిపాదీ అనుభవిస్తారు. మీరూ మీ ఆయనా రాత్రులు వంతులేసుకోండి. ఒక్కరే మోయకండి.

"గోకకు" అనే మాట నేను రోజుకి వందసార్లు విని ఉంటాను. దయచేసి ఆ మాట మానండి. దురద ఆపుకోవడం దగ్గు ఆపుకోవడం లాంటిదే, కాసేపే సాధ్యం. ఆపుకోలేకపోయినప్పుడల్లా నేనేదో తప్పు చేశాననుకునేదాన్ని. దాక్కుని గోకడం నేర్చుకున్నాను. దానికి బదులు చల్లటి తడిగుడ్డ వేయండి, క్రీము రాయండి, చేతికి ఏదైనా పని ఇవ్వండి, గోళ్లు రెండు మూడు రోజులకోసారి కత్తిరించండి.

ఫిబ్రవరి, మార్చి వస్తే మా ఊళ్లో కల్లాల్లో మిరపకాయలు ఆరబోసేవాళ్లు. ఘాటు గాలిలోనే ఉండేది. పగిలిన చర్మానికి ఆ ధూళి తగిలితే ఎలా ఉంటుందో రాయడానికి నాకు మాటలు లేవు. ఆ రెండు నెలలు నన్ను పెద్దమ్మ వాళ్ల ఊరు పంపేవాళ్లు, బడి పోయేది. మీ ఇంట్లో కల్లం లేకపోవచ్చు. కానీ ప్రతి పిల్లకీ ఇలాంటిది ఒకటి ఉంటుంది. కొందరికి చెమట, కొందరికి ఉన్ని స్వెటర్, కొందరికి పరుపులో దుమ్ము, కొందరికి డిసెంబరు చలిగాలి. బాబుకి ఏది తగిలితే ఎక్కువవుతోందో ఒక నోటు పుస్తకంలో నెల రోజులు రాసి చూడండి.

తిండి గురించి. మా నాన్న పత్యం పెట్టించారు. వంకాయ, గోంగూర, గుడ్డు, చేప, వేరుశనగ, చివరికి పాలు కూడా మానిపించారు. దురద తగ్గలేదు, నేను బక్కచిక్కిపోయాను. కొందరు పిల్లలకి నిజంగానే ఫుడ్ ఎలర్జీ ఉంటుంది. ఒక పదార్థం తిన్న కాసేపటికే దద్దుర్లు, పెదాలు వాయడం, వాంతి అయితే తప్పకుండా డాక్టర్‌కి చెప్పాలి. అలాంటిదేమీ లేకుండా ఎవరో చెప్పారని ఎదిగే పిల్లాడికి పాలూ గుడ్లూ ఆపకండి.

ఇప్పుడు స్టెరాయిడ్ల మాట. నాకు 9 ఏళ్లప్పుడు మా ఊరి ఆర్‌ఎంపీ ఒక ఇంజెక్షన్ వేశాడు. మూడు రోజుల్లో ఒళ్లు అద్దంలా అయింది. దేవుడని అందరూ దండం పెట్టారు. నెలన్నరకి రెట్టింపు వచ్చింది. మళ్లీ ఇంజెక్షన్. అలా రెండేళ్లు. మొహం గుండ్రంగా ఉబ్బింది, పొడవు పెరగడం ఆగింది. అది స్టెరాయిడ్ అని మాకు తెలిసింది ఎన్నో ఏళ్ల తర్వాత. మందుల షాపుల్లో అడిగినవాళ్లకల్లా స్టెరాయిడ్ ఉన్న క్రీములు ఇచ్చేయడం వల్ల ఇలాంటి నష్టం ఎంత జరిగిందంటే, 2018లో కేంద్ర ప్రభుత్వం 14 రకాల స్టెరాయిడ్ క్రీముల్ని డాక్టర్ చీటీ లేకుండా అమ్మకూడని జాబితాలో చేర్చింది. అయినా ఇప్పటికీ దొరుకుతూనే ఉన్నాయి. ఫంగస్ మందూ, యాంటీబయాటిక్, స్టెరాయిడ్ మూడూ కలిపిన ట్యూబులైతే అసలు కొనకండి.

ఇదంతా విని మీరు స్టెరాయిడ్ అంటేనే భయపడితే అదీ నష్టమే. నేను 20 ఏళ్ల వయసులో ఆ భయంతో రెండేళ్లు ఏమీ రాయకుండా పుండ్లతో తిరిగాను. చర్మ డాక్టర్ వయసుని బట్టి, చోటుని బట్టి రాసిచ్చిన క్రీము, చెప్పినన్ని రోజులు రాస్తే మంచి మందు. కొలత కూడా ఉంది. పెద్దవాళ్ల చూపుడువేలు చివరి గీత నుంచి కొస దాకా ట్యూబులోంచి పిండితే సుమారు అర గ్రాము వస్తుంది. అది పెద్దవాళ్ల రెండు అరచేతులంత, వేళ్లతో సహా, చోటుకి సరిపోతుంది. చాలామంది తల్లులు భయంతో అందులో పావు వంతు రాసి, మందు పనిచేయలేదంటారు. మొహానికీ కనురెప్పలకీ టాక్రోలిమస్ లాంటి స్టెరాయిడ్ కాని లేపనాలు ఉన్నాయి. తగ్గాక కూడా, ఎప్పుడూ వచ్చే చోట్ల వారానికి రెండు రోజులు మందు రాయమని డాక్టర్లు చెప్తున్నారు. తిరగబెట్టకుండా ఆపడానికి అది నాకు బాగా పనికొచ్చింది. మీ డాక్టర్‌ని అడగండి.

13 ఏళ్లొచ్చేసరికి నాకు చాలావరకు తగ్గింది. చూశారా, పెద్దయితే పోతుందన్నాంగా అన్నారు. నాలుగేళ్లు పొట్టి చేతుల జాకెట్లు వేసుకున్నాను. 1999లో నర్సింగ్‌లో చేరి హైదరాబాద్ హాస్టల్‌కి వెళ్లాను. బోరు నీళ్లు, చలికాలం, పరీక్షల టెన్షన్, రోజుకి పాతికసార్లు యాంటీసెప్టిక్‌తో చేతులు కడగడం. రెండు నెలల్లో వేళ్లు పగిలి పెన్ను పట్టుకోలేకపోయాను. చిన్నప్పుడు మడతల్లో ఉన్నది ఇప్పుడు చేతులకి, మొహానికి, మెడకి వచ్చింది. ఏడో నెలలో చదువు మానేశాను. నర్సు కావాలన్నది నా కోరిక, అది అక్కడితో అయిపోయింది. ఈ సంగతి ఎవరైనా ముందే చెప్పి ఉంటే బాగుండేదని ఇప్పటికీ అనిపిస్తుంది. చిన్నప్పుడు ఎగ్జిమా ఉన్నవాళ్లకి పెద్దయ్యాక చేతులకి వచ్చే అవకాశం ఎక్కువ. నర్సింగ్, వంట, బ్యూటీ పార్లర్, సిమెంటు పని, మెకానిక్ పని, ఇలా నీళ్లలో, సబ్బుల్లో, నూనెల్లో చేతులు నానే పనులు వాళ్లకి కష్టం. బాబుకి ఇంకా చాలా టైముంది. టెన్త్ అయ్యాక కోర్సు ఎంచుకునే నాడు మాత్రం ఈ మాట గుర్తుపెట్టుకోండి.

బ్యాంకులో చేరాక నోట్లు లెక్కపెట్టడం ఒక కష్టమైతే, వేలిముద్ర ఇంకో కష్టం. చర్మం ఊడి గీతలు చెరిగిపోతే మెషిన్ గుర్తుపట్టదు. హాజరు మెషిన్ దగ్గర రోజూ పది మంది వెనక నిలబడి ఉండగా నా వేలు మళ్లీ మళ్లీ పెట్టి చూపించడం చాలా అవమానంగా ఉండేది. ఆధార్‌కి కంటిపాప ముద్రతో పని జరిగింది. ఎవరికైనా వేలిముద్ర పడకపోతే కంటిపాపతో తీయమని అడగండి.

పెళ్లి గురించి మీరు అడగలేదు, కానీ మనసులో ఉండే ఉంటుంది. మూడు సంబంధాలు చూసుకుని వెళ్లాక వెనక్కి పోయాయి. ఒకచోట "అంటుకునేదేమో" అన్నారు. మా పిన్ని పూర్తి చేతుల జాకెట్ వేసి దాచమంది. నాలుగోసారి నేనే ఆయనకి చేతులు చూపించి, ఇది అంటుకోదు, అలాగని పోదు, రాత్రిళ్లు నిద్ర చెడుతుంది అని చెప్పాను. 2008లో ఆయనతోనే పెళ్లయింది. దాచి చేసుకున్న పెళ్లిలో రోజూ దుప్పటి మార్చాల్సి వచ్చినప్పుడు ఏం చెప్పేదాన్నో నాకు తెలియదు. భార్యాభర్తల మధ్య కూడా ఇది వస్తుంది. ఒంటికి చెయ్యి తగిలితే మంట పుట్టే రోజులుంటాయి. కోపం వల్ల కాదు, నొప్పి వల్ల అని మాటల్లో చెప్పుకోవాలి. పాప కడుపులో ఉన్నప్పుడు బాగా ఎక్కువైంది. మా పాపకి ఎగ్జిమా రాలేదు, ఆస్తమా వచ్చింది. ఈ రెండూ, ముక్కు కారే ఎలర్జీ, ఒకే కుటుంబంలో తిరుగుతుంటాయి.

2016లో కొత్తగా చూపించుకున్న ఒక డాక్టరమ్మ నా చేతులు చూడకముందే ఒక కాగితం ఇచ్చింది. 10 ప్రశ్నలు. బ్రిటన్‌లోని కార్డిఫ్‌లో 1994లో తయారైన ప్రశ్నావళి అది, డీఎల్‌క్యూఐ అంటారు. గడిచిన వారంలో దురద, నొప్పి ఎంత? సిగ్గుపడ్డారా? బజారుకి వెళ్లడానికి, ఇంటి పనికి ఇబ్బంది అయిందా? బట్టలు దీన్ని బట్టి ఎంచుకున్నారా? ఉద్యోగం, ఆట, స్నేహితులు, దాంపత్యం? మొత్తం 30కి. పది దాటితే జీవితం మీద చాలా ప్రభావం ఉన్నట్టు లెక్క. నాకు 22 వచ్చింది. 35 ఏళ్లలో నన్ను ఆ ప్రశ్నలు ఎవరూ అడగలేదు. అందరూ మచ్చలు చూశారు. ఆ గదిలోనే ఏడ్చేశాను. ఇలాంటిదే పిల్లలకి వేరే ఉంది, 4 నుంచి 16 ఏళ్ల వాళ్లకి బొమ్మలతో కూడా ఉంటుంది. బాబుతో నింపించి డాక్టర్ ముందు పెట్టండి. ఆస్పత్రికి వెళ్లే రోజు చర్మం కాస్త బాగుందంటే "తగ్గింది కదా" అని పంపేస్తారు. కాగితం మీద వారం రోజుల లెక్క ఉంటే అలా అనలేరు.

ఆ రోజు నుంచే నాకు అసలైన వైద్యం మొదలైంది. మొదట రోగనిరోధక వ్యవస్థ జోరుని తగ్గించే సైక్లోస్పోరిన్ అనే మందు, నెల నెలా బీపీ, కిడ్నీ పరీక్షలు. 8 నెలలకి బీపీ పెరిగితే ఆపారు. తర్వాత మెథోట్రెక్సేట్. అది వారానికి ఒక్కసారే వేసుకునే మందు, పొరపాటున రోజూ వేసుకుంటే ప్రాణం మీదికి వస్తుంది, గర్భం రాకూడదు. మూడేళ్లు దాంతో గడిచాయి, సగం తగ్గింది. ఇప్పుడు జాక్ ఇన్హిబిటర్ అనే రకం మాత్ర వేసుకుంటున్నాను. మొదలుపెట్టే ముందు టీబీ, కామెర్ల వైరస్ పరీక్షలు చేశారు, ఇప్పటికీ రక్త పరీక్షలు చేస్తూనే ఉన్నారు. డూపిలుమాబ్ అనే ఇంజెక్షన్ కూడా ఉంది. అమెరికాలో 2017లో పెద్దలకి, 2022లో 6 నెలలు దాటిన పిల్లలకి కూడా అనుమతి ఇచ్చారు. ఖరీదు మాత్రం మనలాంటి చాలా ఇళ్లకి అందదు. ఇవన్నీ మీ బాబుకి ఇప్పుడే కావాలని కాదు. పూతలతో తగ్గకపోతే పై మెట్లు ఉన్నాయని మీకు తెలియాలి. "ఇంతే, భరించాలి" అని ఎవరైనా అంటే ఇంకో డాక్టర్ దగ్గరికి వెళ్లండి.

మందు పనిచేశాక మొదటి వారంలో జరిగింది చెప్తాను. రాత్రి పదింటికి పడుకుని కళ్లు తెరిస్తే ఆరు. ఏదో జరిగిందని భయపడి లేచాను. మా ఆయన "ఒక్కసారి కూడా కదల్లేదు" అన్నారు. నాకు అప్పుడు 41 ఏళ్లు. నిద్ర అంటే అందరికీ రోజూ ఇలాగే ఉంటుందా అని అనుకున్నాను.

మనసు గురించి కూడా ఒక మాట. ఇంటర్ చదివే పిల్లల్లో, పాతికేళ్ల వాళ్లలో ఈ జబ్బుతో పాటు దిగులు, ఆందోళన ఎక్కువగా కనిపిస్తాయి. నాకూ హాస్టల్ మానేసిన ఏడాది బతకాలని అనిపించని రోజులున్నాయి. బాబు పెద్దయ్యాక గదిలోంచి బయటికి రాకపోతే, చర్మం తగ్గాక అదే పోతుందని వదిలేయకండి. మనసు బాగోలేనివాళ్ల కోసం ప్రభుత్వం నడిపే టెలిమానస్ అనే ఫోన్ సేవకి, 14416కి ఫోన్ చేస్తే తెలుగులోనే మాట్లాడతారు, డబ్బులు తీసుకోరు.

ఇప్పుడు మీ ఇంట్లో ఈ వారమే చేయగలిగినవి. రోజూ గోరువెచ్చటి నీళ్లతో 5, 10 నిమిషాల్లో స్నానం, వేడినీళ్లు వద్దు. నురగ వచ్చే సబ్బులు మానేసి డాక్టర్ చెప్పిన మృదువైన క్లెన్సర్ వాడండి. తుడిచీ తుడవకుండా, ఒళ్లు తడిగా ఉండగానే ఒంటినిండా మాయిశ్చరైజర్ రాయండి. ఎంత రాయాలంటే, ఈ వయసు పిల్లాడికి వారానికి పావుకిలో అయిపోవాలి. అంత ఖరీదైనవి కొనలేమంటే వాసన లేని తెల్ల పెట్రోలియం జెల్లీ చాలు. అది పట్టిన బట్టలకి నిప్పు త్వరగా అంటుకుంటుంది, దీపావళి నాడు బాబుని మంటకి దూరంగా ఉంచండి. జ్వరంతో పాటు ఉన్నట్టుండి ఒకే తీరుగా చిన్న చిన్న గుంటల్లాంటి పుండ్లు లేచి నొప్పి పెడితే, అది హెర్పిస్ వైరస్ సోకడం కావచ్చు, తెల్లారేదాకా ఆగకుండా ఆస్పత్రికి తీసుకెళ్లండి. కళ్లు అదేపనిగా నలుపుకుంటుంటే కంటి డాక్టర్‌కి కూడా చూపించండి.

బడికి వెళ్లి టీచర్‌తో మీరే మాట్లాడండి. ఇది అంటుకోదని, ఫ్యాను కింద కూర్చోబెట్టమని, మధ్యాహ్నం ఒకసారి క్రీము రాసుకోనివ్వమని చెప్పండి. వీలైతే డాక్టర్ చీటీ మీద రాయించుకుని వెళ్లండి. నా పక్కన కూర్చోవద్దని నాలుగో తరగతిలో ఒక అమ్మాయికి వాళ్లమ్మ చెప్పింది. ఆ ఏడాదంతా నేను బెంచీ చివర ఒక్కదాన్నే కూర్చున్నాను. టీచర్ ఒక్క మాట చెప్పి ఉంటే అది జరిగేది కాదు.

మీ అత్తగారి సున్నిపిండి గురించి. పెసరపిండి గరుకు ఈ చర్మానికి ఉప్పుకాగితంతో రుద్దినట్టు ఉంటుంది, పసుపూ మంట పుట్టిస్తుంది. వద్దని చెప్పండి, కానీ ఆవిడని పక్కన పెట్టకండి. మనవడికి ఏదో ఒకటి చేయాలనే కదా ఆవిడ తపన. స్నానం అయ్యాక మాయిశ్చరైజర్ రాసే పని ఆవిడకి అప్పగించండి. రుద్దకుండా, వెంట్రుకలు వాలిన వైపుకే మెల్లగా నిమరాలని చూపించండి. మా నాయనమ్మకి 1989లో ఈ సంగతి ఎవరూ చెప్పలేదు. తెలిసి ఉంటే ఆవిడ రోజుకి మూడుసార్లు రాసేది.